గుహల కథ – 9 : గబ్బిలాలకు జబ్బు చేస్తే గుహలకు తాళాలు

గత సంచికలో మముత్ గుహలో సురేకారం తీసిన రోజుల గురించి చెప్పుకున్నాం. 1812 యుద్ధకాలంలో బానిసలుగా బతికిన నల్లజాతి కూలీలు కెంటకీలోని ఆ గుహ మట్టిని తవ్వి, కొయ్యతొట్లలో నీళ్ళు పోసి ఊరబెట్టి, తుపాకిమందుకు కావలసిన సరుకు తీశారు. అప్పట్లో గుహ అంటే గని. యుద్ధం ముగిశాక డబ్బులు తీసుకుని చూపించే వింత అయింది. మనకంటే ముందు నుంచీ అందులో కాపురం ఉంటున్న జీవులున్నాయని, మన రాకపోకలు వాటి ప్రాణాల మీదికి వస్తున్నాయని ప్రభుత్వాలు ఒప్పుకోవడానికి 20వ శతాబ్దం రెండో సగం దాకా పట్టింది. ఆ ఒప్పుకోలుకు ఎదురైన అతి పెద్ద పరీక్ష ఈ సంచికలో విషయం. 2009లో అమెరికా అటవీ సర్వీసు గబ్బిలాలను ఒక కొత్త జబ్బు నుంచి కాపాడాలని 33 రాష్ట్రాల్లోని జాతీయ అడవుల్లో వేలాది గుహలను, పాడుబడిన గనులను మూసేసింది. అది తప్పా ఒప్పా అన్న తగవు ఇంకా పూర్తిగా చల్లారలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. 2009లో తలుపులు వేయడం సరైన పనే. సంగతులు తెలిసొచ్చాక కూడా అన్ని గుహలకూ అన్ని రుతువుల్లోనూ ఒకే తాళం వేసి ఉంచడం సరైన పని కాదు. గుహను మూయడానికి అసలైన కారణం ఒకటుంది. ఈ తగవులో రెండు పక్షాలూ దాన్ని వదిలేసి ఇంకో కారణం మీద పోట్లాడుకున్నాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ నగరానికి పడమరగా హోవ్ కావర్న్స్ అనే సందర్శక గుహ ఉంది. దానితో కలిసి ఉన్న గుహాభాగంలో 2006 ఫిబ్రవరి 16న ఒక గుహాన్వేషకుడు గబ్బిలాల ఫొటోలు తీశాడు. వాటి ముక్కుల మీద పిండి రాసినట్టు తెల్లటి బూజు కనిపించింది. అదేమిటో అప్పుడెవరికీ తెలియలేదు. మరుసటి శీతకాలంలో రాష్ట్ర పర్యావరణ శాఖ జీవశాస్త్రజ్ఞులు ఏటా చేసే లెక్కింపు కోసం ఆల్బనీ చుట్టుపక్కల గుహల్లోకి దిగితే వేలాది గబ్బిలాలు చచ్చి పడి ఉన్నాయి. గడ్డకట్టే చలిలో, పట్టపగలు, ఒక్క పురుగు కూడా ఎగరని కాలంలో గబ్బిలాలు బయటికి వచ్చి మంచు మీద రాలిపోయాయి. 2008 నాటికి జబ్బు వెర్మాంట్, మసాచుసెట్స్, కనెక్టికట్ చేరింది. 2009 శీతకాలానికి పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా, వర్జీనియా కూడా జాబితాలో చేరాయి. 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వేసిన అంచనా ప్రకారం అప్పటికే చనిపోయిన గబ్బిలాలు 57 లక్షల నుంచి 67 లక్షలు. ఉత్తర అమెరికాలో ఇంత వేగంగా ఇన్ని అడవి క్షీరదాలను ఒక అంటురోగం తుడిచిపెట్టిన సందర్భం అంతకుముందు నమోదు కాలేదు.

జబ్బు ఎలా చంపుతుందో తెలిస్తే తప్ప తాళాల తగవు అర్థం కాదు, కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. ఆ బూజు పేరు సూడోజిమ్నోఅస్కస్ డిస్ట్రక్టన్స్. 2009లో దానికి మొదట పెట్టిన పేరు వేరు, 2013లో ఇలా మార్చారు. దానికి చలి అంటేనే ఇష్టం. 12 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది, 20 డిగ్రీలు దాటితే పెరగలేదు. మెలకువగా ఉన్న గబ్బిలం ఒళ్ళు వెచ్చన కనుక దాని జోలికి పోలేదు. అయితే శీతల దేశాల్లో పురుగులు తినే గబ్బిలాలు చలికాలం పొడుగునా గుహలో వేలాడుతూ శీతనిద్రలో గడుపుతాయి. అప్పుడు వాటి ఒంటి వేడి గుహ గోడ వేడి దాకా పడిపోతుంది, గుండె అతి నిదానంగా కొట్టుకుంటుంది, రోగనిరోధక శక్తి కూడా దాదాపు నిద్రపోతుంది. బూజుకు కావలసిన అదను అదే. రెక్కల పలుచటి చర్మంలోకి అది తొలుచుకుపోతుంది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోయి గబ్బిలం మాటిమాటికీ నిద్ర లేస్తుంది. లిటిల్ బ్రౌన్ అనే చిన్న గోధుమరంగు గబ్బిలం బరువు సుమారు పది గ్రాములే. ఆకురాలు కాలంలో అది ఒంట్లో దాచుకునే కొవ్వు, కరవు నెలల కోసం గాదెలో పోసుకున్న ధాన్యంలాంటిది. ఒక్కసారి నిద్ర లేచి ఒళ్ళు వేడెక్కించుకుంటే కొన్ని వారాల నిద్రకు సరిపోయే కొవ్వు ఖర్చయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గబ్బిలం సుమారు రెండు వారాలకు ఒకసారి లేస్తుంది. జబ్బు చేసినది అంతకంటే చాలా తరచుగా లేస్తుంది. ఫిబ్రవరి మార్చి నాటికి కొవ్వు అయిపోతుంది. బయట తిండి ఉండదు. అంటే ఈ బూజు గబ్బిలాన్ని నిద్ర చెడగొట్టి చంపుతుంది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, నా వాదనంతా దీని మీదే నిలబడింది.

ఇక 2009 నిర్ణయానికి వద్దాం. ఆ మార్చి 26న ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఒక సలహా పత్రం విడుదల చేసింది. జబ్బు ఉన్న రాష్ట్రాల్లోనూ, వాటిని ఆనుకుని ఉన్న రాష్ట్రాల్లోనూ గుహల్లోకి ఎవరూ దిగవద్దని కోరింది. అది వినతి మాత్రమే, ఆజ్ఞ కాదు. కొద్ది వారాల్లో అటవీ సర్వీసు తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో ఏడాది గడువుతో మూసివేత ఉత్తర్వులే జారీ చేసింది. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కు కూడా గుహలు మూసింది. వాళ్ళకు అప్పటికి తెలిసింది చాలా తక్కువ. ఆ బూజే చంపుతోందా, లేక వేరే జబ్బుతో నీరసించిన గబ్బిలాల మీద అది పెరుగుతోందా అన్నది 2011 దాకా తేలలేదు. తెలిసినదల్లా ఒకటే. జబ్బు కొన్నిచోట్ల ఒక గుహ నుంచి పక్క గుహకు పాకకుండా వందల కిలోమీటర్లు దూకి, మనుషులు ఎక్కువగా తిరిగే గుహల్లో తేలింది. ఆ పరిస్థితిలో బాధ్యత ఉన్న అధికారి ఏం చేయాలి? రుజువు కోసం మూడు శీతకాలాలు ఆగితే తూర్పు అమెరికా గబ్బిలాలు మిగలవు. రెండు మూడేళ్ళు గుహ చూడలేకపోవడం మనిషికి నష్టమే గానీ తీరని నష్టం కాదు. గబ్బిలానికి మాత్రం తీరనిది, ఎందుకంటే ఇవి ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటాయి. ఎలుకల్లా రెండేళ్ళలో కోలుకునే జాతి కాదు. కనుక నాటి నిర్ణయాన్ని నాటి తెలివితో తూచితే తప్పు పట్టలేం.

గుహాన్వేషకులు మాత్రం మొదటి నుంచీ అభ్యంతరం చెప్పారు. వాళ్ళను సరదారాయుళ్ళుగా కొట్టిపారేయడానికి లేదు. 1941లో మొదలైన నేషనల్ స్పీలియలాజికల్ సొసైటీ అమెరికా గుహలకు పటాలు గీసింది, వాటిలో చెత్త ఎత్తింది, కొన్ని గుహలను సొంత డబ్బుతో కొని కాపాడింది. జబ్బు మొదటి ఫొటో తీసింది గుహాన్వేషకుడే. ప్రభుత్వ నిధులు కదలకముందే పరిశోధకులకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చింది ఆ సంఘమే. వాళ్ళ వాదన ఇదీ: గబ్బిలాలు గుహ నుంచి గుహకు తిరుగుతుంటాయి, జబ్బును అవే మోస్తున్నాయి, మాకు తాళం వేసినంత మాత్రాన గబ్బిలానికి తాళం పడదు. గబ్బిలమే లేని గుహలను కూడా ఎందుకు మూశారు? టెన్నెసీ, అలబామా, జార్జియాల్లో చాలా గుహలు ప్రైవేటు భూముల్లో ఉన్నాయి, అక్కడ మీ ఉత్తర్వు చెల్లదు కదా? మమ్మల్ని బయట నిలబెడితే గుహల్లో ఏం జరుగుతోందో మీకు చెప్పేదెవరు? 1988 నాటి ఫెడరల్ గుహల రక్షణ చట్టం తన ఉద్దేశాల్లో ఒకటిగా ప్రభుత్వానికీ గుహల్లో తిరిగేవాళ్ళకూ మధ్య సహకారాన్ని పెంచాలని రాసుకుంది. ఆ సహకారాన్ని పక్కన పెట్టి అందరినీ ఒకే గాటన కట్టడం వాళ్ళకు అవమానంగా తోచింది. ఇంకో పక్క సెంటర్ ఫర్ బయలాజికల్ డైవర్సిటీ అనే పర్యావరణ సంస్థ 2010 జనవరిలో, ఫెడరల్ భూముల్లోని గుహలన్నీ మూసేయాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టింది. దాంతో చర్చంతా ఒక ప్రశ్న చుట్టూ బిగుసుకుంది: బూజును మోస్తున్నది మనిషా, గబ్బిలమా?

ఆ ప్రశ్నకు సైన్సు ఇచ్చిన జవాబు రెండు పక్షాలకూ నచ్చేది కాదు. 2011లో వెలువడిన ప్రయోగం బూజే జబ్బుకు మూలమని నిరూపించింది. జబ్బు గబ్బిలం నుంచి గబ్బిలానికి తాకిడితో అంటుతుందని కూడా అదే ప్రయోగం చూపింది. అంటే గుహ నుంచి పక్క గుహకు పాకిన దారి ప్రధానంగా గబ్బిలాల రెక్కలే. ఇక్కడ గుహాన్వేషకుల మాట నెగ్గింది. అయితే అదే కాలంలో ఐరోపాలో పరిశోధకులు ఈ బూజు అక్కడ చాలా దేశాల్లో ఉందని, అక్కడి గబ్బిలాలు దానితో పెద్దగా చావకుండా బతుకుతున్నాయని కనుక్కున్నారు. 2012లో ఐరోపా బూజును అమెరికా గబ్బిలాలకు అంటిస్తే వాటికి అదే జబ్బు వచ్చింది. అమెరికాలో ఉన్న బూజంతా జన్యుపరంగా ఒకే మూలం నుంచి విస్తరించిందని కూడా తేలింది. ఏ గబ్బిలమూ అట్లాంటిక్ మహాసముద్రం దాటి వలస పోదు. ఒక బూటు అంచుకో, తాడుకో, సంచికో అంటుకున్న మట్టితో మనిషే దాన్ని దాటించి ఉండాలి. ఎవరు, ఎప్పుడు అన్నది రుజువు కాలేదు గానీ అంతకంటే నమ్మదగిన దారి ఇంకొకటి ఎవరూ చూపలేకపోయారు. మొదటి ఫొటో దొరికిన చోటు ఏటా వేలాది సందర్శకులు వచ్చే గుహకు ఆనుకుని ఉండడం కూడా ఆ వైపే వేలు చూపిస్తుంది. బల్గేరియాలో గుహాన్వేషకుల దుస్తులు, సామగ్రి పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనం, గుహ నుంచి బయటికి వచ్చిన సామగ్రి మీద బతికున్న బూజు సిద్ధబీజాలు (స్పోర్లు) ఉంటున్నాయని చూపింది. కాబట్టి ఊరూరా తిప్పేది గబ్బిలమైతే, సముద్రాలు దాటించగలిగేది మనిషి. ఈ రెండూ వేరు వేరు ప్రమాదాలు. వాటికి మందూ ఒకటి కాదు.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో రాకీ పర్వతాల అనుభవం చెబుతుంది. 2010 జూలైలో అటవీ సర్వీసు రాకీ మౌంటెన్ ప్రాంతం కొలరాడో, వయోమింగ్, నెబ్రాస్కా, సౌత్ డకోటా, కాన్సస్ రాష్ట్రాల జాతీయ అడవుల్లోని గుహలన్నిటినీ, పాడుబడిన గనులన్నిటినీ అత్యవసర ఉత్తర్వుతో మూసింది. అప్పటికి జబ్బు ఆ అడవుల్లో ఎక్కడా లేదు. రావచ్చన్న భయం మాత్రం న్యాయమైనదే. ఉత్తర్వు గడువు తీరితే పొడిగించారు. గబ్బిలాలు శీతనిద్రకు వాడే గుహకూ, ఎత్తయిన కొండ మీద మంచునీరు కారే బోసి గుహకూ ఒకే నిషేధం. చివరకు జబ్బు ఎలా వచ్చిందో చూడండి. వయోమింగ్‌లో బూజు 2018లో మొదటిసారి బయటపడింది ఫోర్ట్ లారమీ అనే పాత సైనిక కోట దగ్గర. కొలరాడోలో 2022లో దొరికింది బెంట్స్ ఓల్డ్ ఫోర్ట్ అనే, బొచ్చుతోళ్ళ వ్యాపారుల కాలం నాటి మట్టికోట దగ్గర. మరుసటి ఏడాది అక్కడే ఒక గబ్బిలానికి జబ్బు నిర్ధారణ అయింది. రెండూ గుహలు కావు. రెండూ తూర్పు మైదానాల వైపు ఉన్న, గబ్బిలాలు చూరు కింద తలదాచుకునే కట్టడాలు. పర్వతాల్లోని తాళాలు వేసిన గుహల వైపు నుంచి కాకుండా, నదుల వెంట మైదానాల మీదుగా, గబ్బిలాల సొంత దారిలో జబ్బు వచ్చిందన్నమాట. దీన్ని బట్టి తాళాలు వ్యర్థమని నేను అనను. తాళం ఆపగలిగినది మనిషి మోసే బూజునే. అది ఆ దారిన రాలేదంటే తాళం పనిచేసిందని కూడా ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదనను పూర్తిగా కొట్టివేయడానికి సాక్ష్యం లేదు. కానీ గబ్బిలాల దారికి తాళం అడ్డు కాదన్నది మాత్రం ఆ రెండు కోటలూ తేల్చి చెప్పాయి.

దీనికి ఎదురు సాక్ష్యంగా వాషింగ్టన్ రాష్ట్రాన్ని చూపించేవాళ్ళున్నారు, చూపించాలి కూడా. 2016 మార్చిలో సియాటెల్ నగరానికి తూర్పున నార్త్ బెండ్ దగ్గర కొండదారిలో నడుస్తున్నవాళ్ళకు ఎగరలేని లిటిల్ బ్రౌన్ గబ్బిలం ఒకటి దొరికింది. జంతు సంరక్షణ కేంద్రానికి చేర్చిన రెండు రోజులకు అది చనిపోయింది. పరీక్షిస్తే అదే జబ్బు. అప్పటికి జబ్బు ఉన్నట్టు తెలిసిన అతి దగ్గరి చోటు సుమారు 2000 కిలోమీటర్ల దూరంలో ఉంది. బూజు జన్యువులు తూర్పు అమెరికా బూజుతోనే కలిశాయి. మధ్యలో రాకీలను, ఎండిన పీఠభూములను దాటి గబ్బిలాల వరసలో ఎవరి కంటా పడకుండా వచ్చిందా, లేక ఏ లారీలోనో ఏ సామానులోనో ప్రయాణించిందా అన్నది తేలలేదు. ఒకవేళ మనిషి ద్వారానే వచ్చిందనుకుందాం. దాన్ని ఆపడానికి తగిన ఆయుధం ఏది? ఉన్న గుహలన్నీ మూయడమా, ఒక ప్రాంతంలో వాడిన బట్టలు, బూట్లు, తాళ్ళు ఇంకో ప్రాంతానికి పట్టుకెళ్ళకుండా కట్టడి చేయడమా? రెండోదే. సామగ్రిని 55 డిగ్రీల వేడినీళ్ళలో నిర్దేశించినంత సేపు నానబెడితే సిద్ధబీజాలు చస్తాయి. ఈ నియమాన్ని నిష్ఠగా పాటించేది ఎవరు? సంఘాలలో ఉండి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచే గుహాన్వేషకులే. ఉత్తర్వు తెలియక, తెలిసినా లెక్కచేయక పొద్దుపోయాక టార్చిలైటు పట్టుకుని దిగే కుర్రాళ్ళ మీద కాగితం మీది నిషేధానికి బలం లేదు. మాట వినేవాళ్ళను దూరం చేసుకుంటే, విననివాళ్ళను అదుపు చేయడానికి తోడు నిలిచేవాళ్ళు ఉండరు.

ఇక రెండు పక్షాలూ వదిలేసిన కారణం దగ్గరికి వద్దాం. గుహలు మూయడం 2009లో పుట్టిన ఆలోచన కాదు. 1970లలో మెర్లిన్ టటిల్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఆగ్నేయ అమెరికాలోని బూడిదరంగు గబ్బిలాలను ఏళ్ళ తరబడి గమనించి, మనుషులు ఎంత ఎక్కువగా దూరే గుహలో వాటి సంఖ్య అంత వేగంగా పడిపోతోందని తేల్చాడు. 1976లో ఆ జాతిని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. దాని ముఖ్యమైన గుహలను ఎంచి గేట్లు పెట్టి కాపాడాక ఆ జాతి కోలుకుంది. అప్పట్లో బూజు ఊసే లేదు. నిద్రను కాపాడడమే మూసివేత ఉద్దేశం. అదే కాలం ఇంకో పాఠం కూడా నేర్పింది. ఇండియానా రాష్ట్రంలో వయాన్‌డాట్ గుహ ముఖద్వారానికి 1950లలో రాతిగోడ కట్టారు. గాలి ఆడక లోపల వేడి పెరిగింది. వేడి పెరిగితే శీతనిద్రలో ఉన్న గబ్బిలానికి కొవ్వు తొందరగా కరుగుతుంది. అక్కడి ఇండియానా గబ్బిలాలు కొన్ని వందలకు పడిపోయాయి. 1970ల చివర ఆ గోడ తీసేశాక మళ్ళీ పెరిగి పదివేలు దాటాయి. అంటే తలుపు వేయడం ఒక్కటే చాలదు, ఎలా వేస్తున్నామన్నది ప్రాణాలు నిలపనూగలదు, తీయనూగలదు. ఇవాళ గబ్బిలాల గుహలకు పెట్టే గేటు దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ పాఠం ఇనుములో కనిపిస్తుంది. అడ్డంగా పరిచిన బలమైన యాంగిల్ కమ్మీలు, ఒక్కో కమ్మీకి మధ్య సుమారు 15 సెంటీమీటర్ల ఎడం. మనిషి తల దూరదు, రెక్కలు ముడిచిన గబ్బిలం వేగం తగ్గించి దూరిపోతుంది, గాలికి ఏ అడ్డూ ఉండదు. పరిశోధకులు వెళ్ళడానికి ఒక కమ్మీని తాళం తీసి జరుపుకునే వీలు పెడతారు.

ఇప్పుడు పైన గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి రండి. జబ్బు నిద్ర చెడగొట్టి చంపుతున్నప్పుడు, అదే గుహలో హెల్మెట్ దీపాల వెలుగుతో, మాటలతో, ఒంటి వేడితో ఒక గుంపు నిద్ర చెడగొడితే ఆ రెండూ కలిసి ఒకే కొవ్వును తింటాయి. ఆరోగ్యమైన గబ్బిలం ఒకటి రెండు అదనపు మెలకువలు తట్టుకుంటుందేమో, జబ్బుపడినది తట్టుకోలేదు. అందువల్ల జబ్బు వచ్చేసిన గుహకే శీతకాలంలో తాళం మరింత అవసరం. ఇది బూజును ఎవరు మోసుకొచ్చారన్న ప్రశ్నతో సంబంధం లేని కారణం. గబ్బిలమే తెచ్చిందని నూటికి నూరుపాళ్ళు రుజువైనా ఈ కారణం చెక్కుచెదరదు. జబ్బు వచ్చేసింది కదా, ఇంకా మూసి ఉంచి లాభమేమిటని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. తూర్పు రాష్ట్రాల్లో కొన్ని గుహల్లో జబ్బు సుడిగాలిలా వచ్చి పోయాక నూటికి కొద్ది గబ్బిలాలు మిగిలాయి. అవి ఏటేటా మళ్ళీ వస్తున్నాయి, పిల్లలను కంటున్నాయి. వాటిలో కొన్ని జన్యుపరంగా ఈ జబ్బును తట్టుకునేవని చెప్పే అధ్యయనాలు కూడా 2020 నుంచి వెలువడుతున్నాయి. ఆ జాతుల భవిష్యత్తు ఆ కొద్ది ప్రాణాల్లో ఉంది. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్, లిటిల్ బ్రౌన్, ట్రైకలర్డ్ అనే మూడు జాతులు పదేళ్ళ లోపే 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయని 2021లో తేలింది. అలాంటప్పుడు మిగిలిన ఒక్కో గబ్బిలం నిద్ర విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. పైగా గబ్బిలాలు లేకున్నా సిద్ధబీజాలు గుహ మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి కనుక, ఆ గుహ మట్టి బయటికి పోకుండా చూడాల్సిన అవసరం కూడా ఉంటుంది.

ఇదంతా ఒప్పుకున్నాక వేసవిలో ఖాళీగా ఉండే గుహకు, ఎప్పుడూ గబ్బిలం చేరని గుహకు తాళం ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. అటవీ సర్వీసు దగ్గరా లేదు. అందుకే 2013లో రాకీ మౌంటెన్ ప్రాంతం దారి మార్చింది. గబ్బిలాలు శీతనిద్రకు వాడే గుహలను చలికాలంలో మూయాలి, మిగతా వాటిలోకి వెళ్ళేవాళ్ళు పేరు నమోదు చేసుకుని సామగ్రి శుభ్రం చేసుకోవాలి అన్నది కొత్త పద్ధతి. ఇదే పద్ధతి 2011లో, జబ్బు నడక తేలిన వెంటనే వచ్చి ఉంటే గుహాన్వేషకులతో కుదరాల్సిన స్నేహం అంతకాలం తెగి ఉండేది కాదు. గంపగుత్త నిషేధాన్ని సమర్థించేవాళ్ళ వాదన ఒకటుంది: ఏ గుహలో గబ్బిలం ఉందో ఏ గుహలో లేదో సామాన్యులకు ఎలా తెలుస్తుంది, అందరికీ అర్థమయ్యేది ఒకే నియమం కదా అని. అమలు చేసేవాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమైన మాటే. అయితే ఏ గుహలో గబ్బిలం ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు దిగి లెక్కపెట్టాలి. ఆ లెక్క తెచ్చిపెట్టగలవాళ్ళనే బయట నిలబెట్టడం వల్ల ఆ తెలియనితనం ఇంకా పెరిగింది. సందర్శక గుహలను తెరిచి ఉంచి మిగతా వాటిని మూయడం డబ్బు కోసం చేసిన పక్షపాతమన్న ఆరోపణలో మాత్రం సగమే నిజం. మముత్ గుహలో టూరుకు ముందు మీరు ఇంతకు ముందు ఏ గుహలోకైనా వెళ్ళారా, ఆ చెప్పులేనా ఇవి అని రేంజర్ అడుగుతారు. టూరు అయ్యాక అందరినీ సబ్బునీళ్ళతో తడిపిన పచ్చిక లాంటి పొడవాటి చాప మీద నడిపిస్తారు. కట్టిన బాట, తోడుగా మనిషి, వెళ్ళే వేళ, రావలసిన వేళ అన్నీ అదుపులో ఉన్న చోటుకూ, ఎవరి కాపలా లేని అడవి గుహకూ నియమం తేడాగా ఉండడంలో తప్పులేదు. అంత జాగ్రత్త పడినా 2013 జనవరిలో ఆ పార్కులోకి కూడా జబ్బు వచ్చిందన్నది నిజం. ఆ జాగ్రత్త ఎక్కువగా బూజు అక్కడి నుంచి బయటికి పోకుండా చేసేదే.

గబ్బిలాలు పోతే మనకేమిటని అడిగేవాళ్ళకు ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఈ గబ్బిలాలు వేసవి రాత్రుల్లో పంట పురుగులను తింటాయి. అవి పోయిన జిల్లాల్లో రైతులు పురుగుమందులు సగటున 31 శాతం ఎక్కువ వాడారని, ఆ జిల్లాల్లో ప్రమాదాల వల్ల కాకుండా ఇతర కారణాలతో సంభవించిన శిశు మరణాలు 7.9 శాతం పెరిగాయని షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఇయాల్ ఫ్రాంక్ 2024లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. గుహలో నిద్ర చెడిన ఫలితం ఊళ్ళో ఊయల దాకా వచ్చిందన్నమాట. తాళాల గురించి ఇంత రాయడానికి అదొక కారణం.

మన దక్షిణ భారతంలో గబ్బిలాలు నెలల తరబడి శీతనిద్రలోకి పోవు కనుక ఈ జబ్బుకు ఇక్కడ అలాంటి అదను దొరకదు. అయితే ఏ గుహను ఎవరికి మూయాలన్న ప్రశ్న మనకూ ఉంది. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే కోలారు జిల్లాలో, హనుమనహళ్ళి గ్రామం దగ్గర కోలారు లీఫ్ నోజ్డ్ అనే గబ్బిలం ఉంది. ప్రపంచం మొత్తం మీద అది మిగిలింది అక్కడి ఒక్క గుహలోనేనని, 200 కంటే తక్కువేనని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెలమల శ్రీనివాసులు బృందం తేల్చింది. దాని మీదికి వచ్చిన ప్రమాదం బూజు కాదు, గ్రానైటు తవ్వకం. అక్కడ మూయవలసింది గుహకంటే ముందు క్వారీ. తవ్వకాలకు అడ్డుపడి, గుహ చుట్టూ నేలను రక్షిత ప్రాంతంగా చేయించగలిగారంటే, ఏ గుహలో ఏది ఎంత ఉందో ముందు లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే. మన అటవీ శాఖలు రెండు తెలుగు రాష్ట్రాల్లోని గుహలకు అలాంటి లెక్క తయారు చేయించాలి. ప్రమాదం వచ్చిన రోజు ఏ తలుపు వేయాలో, ఏది తెరిచి ఉంచాలో ఆ లెక్కే చెబుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని మముత్ గుహకో, వర్జీనియాలోని లురే గుహలకో వెళ్ళడం మామూలే. వాళ్ళకు ఒక మనవి. ఒక గుహలో తొడిగిన చెప్పులు, బట్టలు, వీపుసంచి ఇంకో గుహకు తీసుకెళ్ళకండి. రేంజర్ అడిగితే ఉన్నమాట చెప్పండి. బయటికి వస్తూ చాప మీద చివరిదాకా నడవండి, పక్కనుంచి తప్పుకుని పోకండి. అడవిలో గేటు వేసిన గుహ కనిపిస్తే, ముఖ్యంగా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, దాని దగ్గర నిలబడి లోపలికి టార్చి కూడా వేయకండి.

(సశేషం)